డబ్బాల తోట

కాపురానికి వచ్చిన రోజున ఆ ఇంట్లో నాకు మొట్టమొదట నచ్చింది పెరడు. మా ఆయన అంతకుముందే నచ్చేశారు కాబట్టి ఆయన్ని లెక్కలోకి తీసుకోవడం లేదు. రెండు గదుల రేకుల ఇల్లు, వెనక కాస్త జాగా, ఆ జాగా నిండా డబ్బాలు. రంగు డబ్బాలో టమాటా, చెవి విరిగిన బకెట్‌లో పుదీనా, పాత టైరులో వంగ, అడుగు మాడిన గిన్నెలో మిరప. మూలన తుప్పు పట్టిన ఇనప డ్రమ్ములో ఏకంగా నిమ్మచెట్టు, ఇంటి చూరు దాటిపోయి. నేలలో మాత్రం ఒక్క మొక్క లేదు.

"ఎంత తెలివండీ మీ అమ్మగారికి. ఎండ ఎటు పోతే మొక్కల్ని అటు జరుపుకోవచ్చు" అన్నాను మా ఆయనతో.

అత్తయ్య విని, చేతిలోని చేట పక్కన పెట్టి నవ్వింది. "తెలివే అమ్మాయ్. కాకపోతే నాది కాదు."

మరి ఎవరిదని అడగాలని తోచలేదు. కొత్త పెళ్ళికూతురికి తోచేవి వేరే ఉంటాయి. పొద్దున్నే నిమ్మాకు నలిపి వాసన చూడ్డం, మా ఆయన పొలం నుంచి వస్తుంటే సైకిల్ గంట గుర్తుపట్టడం, ఆయన చొక్కా, నా చీర ఒకే తీగ మీద ఆరుతుంటే చూసి మురిసిపోవడం. డిగ్రీ చదివానన్న మాటే గానీ, ఆ నెల్లాళ్ళూ నా బుర్రలో ఇంతకు మించి ఏమీ లేదు.

అంతలో మా అమ్మ జామ అంటు ఒకటి పంపింది. పెరట్లో చోటు చూసి, "ఏమండీ, గునపం తెండి" అని కేకేశాను. అడిగిందేదీ కాదనని మనిషి, గునపం భుజాన వేసుకుని వస్తూ వస్తూ గుమ్మంలో ఆగిపోయారు.

"నేలలో వద్దులే. డబ్బా ఏదైనా తెస్తా."

"జామచెట్టండీ. డబ్బాలో ఏం బతుకుతుంది?"

"మనం బతకట్లేదూ" అన్నారు. నవ్వబోయి, నవ్వలేకపోయారు.

అప్పుడు చెప్పారు. ఇల్లున్న జాగా, దున్నే పొలం, రెండూ ఒకాయనవే. ఎండ ఉన్నా లేకపోయినా గొడుగు వదలడు కాబట్టి ఊళ్ళో అందరూ గొడుగాయన అంటారు. ఆయన దగ్గర కౌలుకు చేసేవాళ్ళకు కాగితం ఉండదు, నోటిమాటే. ఆ మాట ప్రకారం నేలలో చెట్టు నాటకూడదు, ఇటుక గోడ కట్టకూడదు, బావి తవ్వకూడదు. చెట్టు కాపుకొచ్చిందంటే మనిషి అక్కడ ఏళ్ళ తరబడి ఉన్నట్టే కదా. ఆ ఆనవాలు మిగలకూడదు. పొలం కూడా ఏటా మారుస్తాడు. నిరుడు గట్టు కిందిది, ఈ ఏడు కాలువ పక్కది, వచ్చే ఏడు ఏదో ఆయనకే తెలియాలి. ఏ చేనూ మేం చేసుకుంటున్నదని ఎవరూ అనకూడదు.

"మరి ఎరువు సంగతి?" అన్నాను.

"వచ్చే ఏడు ఎవడి చేతికి పోతుందో తెలీని చేలో ఎరువు ఎవడు తోలతాడు?"

ఎవరూ తోలరు. నేల సత్తువ పోతుంది. పంట తగ్గుతుంది. తగ్గాక గొడుగాయన అరుగు మీద కూర్చుని, ఈ కౌలోళ్ళు ఒట్టి సోమరులు, భూమిని పాడు చేస్తున్నారు అంటాడు. కాళ్ళూ చేతులూ కట్టేసి ఏట్లో పడేసి, ఈత రాదని తిట్టడం అంటే ఇదే. మా ఆయన తాతగారు కట్టుకున్న ఇల్లు ఇది. తరాలు గడిచినా నిన్న సాయంత్రం దిగినట్టు బతకాలి. నేను ముచ్చటపడిన తోట కథ అదీ. కోపం ఎవరి మీద చూపాలో తెలియక జామ అంటును రంగు డబ్బాలో పెట్టి, మట్టిని గట్టిగా నొక్కాను.

కోతలు కాకముందే కబురొచ్చింది. సర్వే వాళ్ళు వస్తారట, ఇళ్ళున్న జాగాలు కొలిచి, ఏళ్ళుగా అక్కడే కాపురం ఉంటున్న వాళ్ళ పేర రాస్తారట. నేను అప్పుడే మనసులో ఇటుక గోడ లేపి, దానికి నీలం రంగు కిటికీ పెట్టేశాను. సర్వే వాళ్ళకంటే ముందు గొడుగు వచ్చింది.

కుర్చీ వేశాం. కూర్చుని, మడిచిన గొడుగు మొనతో పుదీనా బకెట్‌ను పొడిచాడు. అది కదిలింది. తృప్తిగా తలాడించాడు.

"ఏరా, కోడలు చదువుకుందటగా" అన్నాడు మావయ్యతో. "చదువుకున్నవాళ్ళకు నోరెక్కువ. చూసుకో."

"చిన్నపిల్లండీ" అన్నారు మావయ్య.

"ఎవరైనా అడిగితే పోయిన పంటకే వచ్చామనండి. అలా అన్నారంటే వచ్చే ఏడూ కాలువ పక్క పొలం మీదే. అనకపోయినా మీకేం కష్టంలే. సామానంతా డబ్బాల్లోనే ఉందిగా, ఎత్తుకుపోవడమే."

ఆయన వెళ్ళాక మావయ్య అన్నారు, "అలాగే అనేద్దాం. జాగా ఇస్తారో ఇవ్వరో తెలీదు. పొలం పోతే తినేదేంటి?"

"మీరు పుట్టిన ఇల్లు కదా మావయ్యా."

"పుట్టాను కాబట్టే తెలుసు తల్లీ. ఆయనతో పెట్టుకున్న వాళ్ళ ఇళ్ళు ఎక్కడున్నాయో చూపించు."

మా ఆయన వైపు చూశాను. ఆయన కాలికంటిన బురద గీక్కుంటున్నారు. "నాన్న చెప్పాక నేనేం అంటాను" అన్నారు. ఆ పూట కంచం ఆయన ముందు కాస్త చప్పుడయ్యేలా పెట్టాను. పెళ్ళయ్యాక మా మొదటి తగువు అది. అది కూడా గొడుగాయన పెట్టిందే. అత్తయ్య మాత్రం వెళ్ళి నిమ్మచెట్టుకు నీళ్ళు పోసి వచ్చింది.

సర్వేయర్ కుర్రవాడు. మెడ ఎండకు కమిలిపోయి ఉంది. మూడు కాళ్ళ యంత్రం మోసుకుంటూ వచ్చాడు. వెనకే గొడుగాయన, ఆయన మనుషులు ఇద్దరు.

"ఎన్నాళ్ళుగా ఉంటున్నారు?"

"పోయిన పంటకు వచ్చామండి" అన్నారు మావయ్య, నేల చూపులు చూస్తూ.

జుట్టంతా నెరిసిన మనిషి, తాను పుట్టిన గది గుమ్మంలో నిలబడి, నిన్నమొన్న వచ్చానని చెప్పుకున్నారు. సిగ్గుపడాల్సింది ఆయన కాదు. ఆ మాట చెప్పించి, గొడుగు నీడన నిలబడి పళ్ళు కుట్టుకుంటున్నవాడు. కానీ తల దించుకున్నది మావయ్యే.

సర్వేయర్ హద్దు చూసుకుంటూ మూలకు వెళ్ళాడు. "యంత్రం ఇక్కడే పెట్టాలి. ఈ డ్రమ్ము కాస్త జరిపిస్తారా?"

"జరపండ్రా" అన్నాడు గొడుగాయన తన మనుషులతో. "బండి మీద తెచ్చుకున్నదేగా. వీళ్ళకు చెట్లు కూడా సామానే."

ఇద్దరూ చేతులు వేసి తోశారు. కదల్లేదు. భుజాలు ఆనించి తోశారు. కింది అంచున తుప్పు పట్టిన ఇనుము ఎండుటాకులా పెళుసుగా విరిగి ఒకడి చేతిలోకి వచ్చింది. ఆ కంతలోంచి మట్టి రాలి, నా తొడంత లావు వేరు కనిపించింది. అది తిన్నగా నేలలోకి దిగి ఉంది.

"దానికి అడుగు లేదు బాబూ" అంది అత్తయ్య, వంటింటి గుమ్మంలోంచి. "కాపురానికి వచ్చిన కొత్తలో నేనే గునపంతో కొట్టేశా. అప్పుడు మావాడు కడుపులో ఉన్నాడు. వీడికెన్నేళ్ళో దానికీ అన్నేళ్ళే."

మా ఆయన నోరు తెరిచి చూశారు. మావయ్య ఇంకా పెద్దగా తెరిచారు. "నాకైనా చెప్పలేదేమే?"

"చెబితే మీరు నిద్రపోయేవాళ్ళా?"

గొడుగాయన నవ్వాడు. "ఎప్పటిదో చెట్టు అక్కడుంటే, వీళ్ళు పైనుంచి డ్రమ్ము తొడిగి ఉంటారు."

సర్వేయర్ తలెత్తి కొమ్మల్ని చూశాడు. "ఇంత గుబురు మీద నుంచి ఎలా తొడిగారండీ?" అన్నాడు. నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగాడు.

మావయ్య భుజం మీది తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నారు. "ఇందాక అబద్ధం చెప్పానయ్యా. నేను పుట్టింది ఈ గదిలోనే. మా నాన్న పోయిందీ ఇందులోనే."

"నేను చూసింది రాస్తాను" అన్నాడు సర్వేయర్. "వారు అభ్యంతరం పెడితే విచారణ ఉంటుంది. అది తేలేదాకా మిమ్మల్ని ఎవరూ ఖాళీ చేయించకూడదు."

"కాలువ పక్క పొలం మీద ఆశ పెట్టుకోకండి" అని గొడుగాయన వెళ్ళిపోయాడు. అన్నంత పనీ చేశాడు. మా ఆయనా మావయ్యా ఇప్పుడు అదే పొలంలో కూలికి పోతున్నారు. విచారణ ఇంకా జరగలేదు.

అదంతా ఒక ఎత్తు. నాకు ఇప్పటికీ కడుపు రగిలేది వేరే దానికి. ఒక ఆడమనిషి ఒక్క నిమ్మమొక్క నేలలో నాటుకోవడానికి, కట్టుకున్నవాడికి కూడా తెలియకుండా, దొంగసొమ్ము దాచినట్టు దాచాలా? ఏటా గొడుగాయన గుమాస్తా వచ్చి చూసి పోయేవాడట. డ్రమ్ము కనిపిస్తే చాలు వాడికి. వాడు వచ్చి వెళ్ళేదాకా తన గుండె ఎలా కొట్టుకునేదో అత్తయ్య నాతో చెబుతూ నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

సర్వే జరిగిన సాయంత్రమే మా ఆయన గునపం భుజాన వేసుకుని, ఎవరూ అడగకుండానే పెరట్లోకి వచ్చారు. ఈసారి గుమ్మంలో ఆగలేదు. నిమ్మచెట్టుకు ఎడంగా, వీధిలో పోయేవాళ్ళకు కనబడే చోట గొయ్యి తీశారు. నేను జామ అంటును డబ్బాలోంచి మట్టితో సహా తీసి అందులో దించాను. చేతిలో ఖాళీ డబ్బా మిగిలింది.

"దీని అడుగు కొట్టేసి మొక్క చుట్టూ పెట్టమంటారా అత్తయ్యా?" అన్నాను.

"ఎందుకే" అంది అత్తయ్య, డబ్బా నా చేతిలోంచి తీసుకుంటూ. "నీళ్ళు మోయడానికి పనికొస్తుంది."