దూడ పుడితే ఎఫ్ ఫైవ్

పార్కిన్‌సన్స్ జబ్బు ముందు గౌరీశంకర్ గారి కుడిచేతినే పట్టుకుంది. కాఫీ కప్పు వణికితే ఆయన పట్టించుకోలేదు, సంతకం వంకర పోతే నవ్వి ఊరుకున్నారు. రేడియోలో మోర్స్ సంకేతాలు కొట్టే కీ మీద చెయ్యి మాట వినకపోయేసరికి మాత్రం బెంగపెట్టుకున్నారు. ఇరవై ఏళ్లుగా ప్రతి ఆదివారం పొద్దున బాతెల్ ఊళ్లో తన ఇంటి గరాజ్‌లోని రేడియో ముందు కూర్చుని, దూరాన మోంటానా రాష్ట్రంలో పశువులు పెంచుకునే వాల్టర్‌తో చుక్కలతో, గీతలతో కబుర్లాడటం ఆయన అలవాటు. ఒకరి మొహం ఒకరు చూసింది లేదు, గొంతు విన్నది లేదు. ఫోన్ నంబర్ అడగాలని ఇద్దరిలో ఎవరికీ తోచలేదు, అలాంటి ఘటాలు ఇద్దరూ. ఇప్పుడేమో వాల్టర్ ప్రతి వాక్యానికీ "మళ్లీ పంపు" అంటున్నాడు. ఉన్న ఒక్క స్నేహమూ చేజారిపోతోందని ఆయనకి భయం పట్టుకుంది.

భార్య సుమతి సంగతి చెబితే, కూతురు తన్వి శనివారం లాప్‌టాప్, కేబుల్ పట్టుకుని వచ్చింది. కేబుల్ ఒక కొస లాప్‌టాప్‌కి, రెండోది రేడియోలో కీ తగిలించే చోట. గుచ్చిందో లేదో, రేడియో ఆపకుండా కూయడం మొదలెట్టింది. ఏదో సెట్టింగ్ తిరగబడిందని దాంతో కుస్తీపట్టి చివరికి దారికి తెచ్చింది. ఇక అక్షరాలు టైప్ చేస్తే చాలు, చుక్కలూ గీతలూ లాప్‌టాపే కొట్టేస్తుంది.

టైప్ చెయ్యడానికీ వేళ్లు కావాలిగా. ఒక్క వాక్యానికే ఆయన అలిసిపోయారు.

"డాడీ, వాల్టర్ అంకుల్ యూజువల్‌గా ఏం చెప్తాడు?" అంది తన్వి.

"ఏముందమ్మా, దూడ పుట్టిందంటాడు. లేకపోతే దూడ పోయిందంటాడు."

"దెన్ ఈజీ. దూడ పుడితే ఎఫ్ ఫైవ్, పోతే ఎఫ్ సిక్స్. జస్ట్ ప్రెస్ చెయ్యి, హోల్ మెసేజ్ వెళ్లిపోతుంది."

రెండు జవాబులూ ఆయన చెబుతుంటే తనే టైప్ చేసి పెట్టింది.

మర్నాడు పలకరింపు చక్కగా వెళ్లింది. "ఎన్నాళ్లకి స్పష్టంగా వినిపించావు" అని వాల్టర్ కొట్టగానే ఆయన మొహం విప్పారింది. ఆ వెనకే ఇంకో మాట వచ్చింది. "ఎలెన్ గురువారం పోయింది. నీతో చెప్పాలని కాచుకుని కూర్చున్నాను."

ఎలెన్ వాల్టర్ భార్య. గౌరీశంకర్ గారు లాప్‌టాప్ మీదికి వంగారు. అక్షరాలు వెతుక్కుంటూ కూర్చుంటే అక్కడ ఆ మనిషి అంతసేపూ ఒంటరిగా వేచి ఉండాలి. ఎఫ్ సిక్స్‌లో "చాలా బాధగా ఉంది మిత్రమా" అని ఉంది, ముందు అదైనా చేరనీ అనుకున్నారు. వేలు చాపారు. వేలు వణికి పక్క బటన్ మీద పడింది.

లాప్‌టాప్ తొణక్కుండా కొట్టుకుంటూ పోయింది. "చాలా సంతోషం వాల్టర్. నీకూ ఎలెన్‌కీ అభినందనలు. ఇంతకంటే మంచి కబురు ఏముంటుంది. వచ్చే ఆదివారం కలుద్దాం."

ఆపే బటన్ ఏదో తన్వి చెప్పింది, గుర్తురాలేదు. కేబుల్ పీకబోతే చేతికి పట్టు చిక్కలేదు. జరుగుతున్న ఘోరాన్ని ఆయన చివరిదాకా వింటూ కూర్చున్నారు.

అటునుంచి ఒకే అక్షరం వచ్చింది, ఆర్. అందింది అని దానర్థం. ఆపైన ఉత్త హోరు.

పొరపాటైందని, క్షమించమని ఒక్కో అక్షరం వెతుక్కుంటూ పంపారు. మళ్లీ పంపారు. సుమతి అన్నానికి పిలిచినా లేవలేదు. వాల్టర్ రేడియో కట్టేసి వెళ్లిపోయాడని తెలుస్తూనే ఉంది, అయినా పంపారు.

సాయంత్రం తన్వి ఫోన్ చేసింది. "వర్క్ అయిందా డాడీ? అంకుల్‌కి క్లియర్‌గా వినిపించిందా?"

"వినిపించిందమ్మా" అన్నారు ఆయన. "ఒక్క అక్షరం కూడా పోలేదు."