ఎడమ చక్రం దగ్గర చప్పుడు

"పాటలు పెట్టుకో, వినపడదు" అన్నాడు భర్త.

ముందు వైపు ఎడమ చక్రం దగ్గర చప్పుడొస్తోందని ఆమె చెప్పడం అదే మొదటిసారి కాదు. గిన్నెలు తోమిన చేతులు కొంగుకు తుడుచుకుంటూ చెప్పింది. అతను బూట్లు వేసుకుంటుంటే గుమ్మం దాకా వెంటబడి చెప్పింది. చెప్పిన ప్రతిసారీ ఆ చప్పుడు ఎలా ఉంటుందో నోటితో చేసి చూపించాల్సి వచ్చేది. "మలుపు తిప్పితే టక్కుమంటోందండీ. ఎత్తు దిగేటప్పుడు కిర్రుమని ఈడుస్తోంది" అంటే, ఆమె మూతి తిప్పిన తీరుకే అతను నవ్వేవాడు. అతను కార్ల కంపెనీ వర్క్‌షాపులో సర్వీసు మేనేజరు. ఊళ్లో ఎవరి కారు మూలిగినా అతని దగ్గరికే పరుగెత్తుకొస్తారు. తన ఇంటి కారు మూలిగితే మాత్రం అది పెళ్లాం చెవుల్లోని జబ్బయింది.

నిజానికి ఆ కారు ఆమె చేతికొచ్చి ఎన్నాళ్లో కాలేదు. అంతకుముందు అతనే నడిపేవాడు. అత్తగారు బండెక్కని రోజునే ఆమెకు ముందు సీటు దక్కేది. ఒక ఆదివారం చుట్టాలంతా హాల్లో కూర్చుని ఉండగా అతను జేబులోంచి తాళాలు తీసి ఆమె చేతిలో పెట్టాడు. "ఇక ఇది నీదే. నేను బైకు మీద పోతాలే" అన్నాడు. ఆడవాళ్లందరి మొహాలూ ఒక్కసారి ఆమె వైపు తిరిగాయి. పిన్నత్తగారైతే బుగ్గలు నొక్కుకుంది. "మా ఆయన సైకిలు తాళం కూడా నా చేతికివ్వలేదే తల్లీ!" అని అందరినీ నవ్వించింది. ఆమెకు కళ్లు చెమర్చాయి. ఇన్నేళ్ల కాపురంలో తనకంటూ ఒక వస్తువు రావడం అదే మొదలని మురిసిపోయింది.

తాళాలతో పాటు ఇంకేమేం చేతికొచ్చాయో వారం తిరక్కుండానే తెలిసొచ్చింది. పాపను బడికి దింపడం, తీసుకురావడం. అత్తగారిని మోకాళ్ల డాక్టరు దగ్గరికి తిప్పడం. కూరగాయలు, బియ్యం, గ్యాసు బండ. వచ్చే చుట్టాలకు ఎదురెళ్లడం, పోయే చుట్టాలను రైలెక్కించడం. "కారుంది కదా" అన్న మాట ఆ ఇంట్లో ఊతపదమైపోయింది. "కారుంది కదా, ఓసారి అటు తిరిగి రారాదూ?" "కారుంది కదా, నీకేం కష్టం?" ఇదివరకు ఇంటి చాకిరీ ఇంట్లోనే ఉండేది, ఇప్పుడు దానికి చక్రాలొచ్చాయి అనుకునేది ఆమె స్టీరింగు ముందు కూర్చుని. ఎవరితోనూ అనలేదు. అంటే, ఇచ్చిన మనిషి మంచితనాన్ని కించపరిచినట్టవుతుంది.

ఇవన్నీ చేసి ఆమె ఉద్యోగానికి వెళ్లేది. ఆ ఉద్యోగం కూడా అదే కంపెనీలో. కార్లు కొన్నవాళ్లు ఫోను చేసి గోడు వెళ్లబోసుకునే చోట, చెవులకు హెడ్‌సెట్ తగిలించుకుని పగలంతా వినే పని. "నేనే పెట్టించాను" అని భర్త నలుగురిలో చెబుతాడు. పెట్టించింది అతనే. అక్కడ నెగ్గుకొచ్చింది మాత్రం ఆమె. ఆమె దగ్గరే పని నేర్చుకున్న కుర్రాడు ఇప్పుడు ఆమెకు టీమ్ లీడరై, వెనక నిలబడి ఆమె మాటలు దిద్దుతుంటాడు.

కొన్నాళ్లుగా వచ్చే ఫోన్లలో సగం ఒకే గోడు. కారు బాడీని, చక్రాన్ని కలిపి పట్టుకునే ఇనుప చెయ్యి ఒకటుంటుంది. వర్క్‌షాపులో దాన్ని సస్పెన్షన్ ఆర్మ్ అంటారు. అది తుప్పు పడుతోంది. ఒకాయన టైరు మార్చుకుందామని వంగి చూస్తే ఇనుము పొరలు పొరలుగా ఊడి చేతికొచ్చిందట. ఒకావిడ ఇంటి ముందునుంచి బండి వెనక్కి తీస్తుంటే, చక్రం కాలు మడతపడ్డట్టు లోపలికి ముడుచుకుపోయిందట. "అదే ఏ లారీ పక్కనో అయ్యుంటే నా పిల్లలేమయ్యేవాళ్లమ్మా?" అని ఒక తండ్రి ఫోన్లోనే ఏడ్చేశాడు.

"తుప్పు అనొద్దు మేడం" అన్నాడు టీమ్ లీడరు. "పైపై రంగు మార్పు అనండి. విరిగిందని వాళ్లన్నా సరే, మీరు మాత్రం పట్టు వదిలింది అనండి."

ఆ తర్వాత అడగాల్సిన ప్రశ్నలు ఎలాగూ ఉన్నాయి. గుంతలో దింపారా? వానలో తిప్పారా? అవతల ఆడగొంతు వినబడితే ఇంకొకటి కూడా ఉంది. "బండి ఎక్కువగా ఎవరు నడుపుతారండీ?" ఆ ప్రశ్న పడగానే అవతలి గొంతు సగానికి తగ్గిపోతుంది. "నేనేనండీ..." అని నసుగుతుంది. అప్పుడు తియ్యగా "ఒకసారి సార్‌తో మాట్లాడించగలరా?" అనాలి. సగం మంది మళ్లీ ఫోను చెయ్యరు.

ఆ హాల్లో ఆ ప్రశ్నను ఆమె కంటే తియ్యగా అడిగేవాళ్లు లేరు. మెచ్చుకోళ్లు కూడా వచ్చాయి. ఎదుటి మనిషి కోపాన్ని నోరెత్తకుండా మింగడం, తప్పెవరిదైనా ముందుగా "అయ్యో" అనడం, మాట పెరగకముందే మాట మార్చడం ఆమెకు ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేకపోయింది. పెళ్లయిన నాటినుంచీ చేస్తున్న పనే. ఇక్కడ జీతమిచ్చారు, అంతే తేడా.

ఆ రోజు అత్తగారిని డాక్టరుకు చూపించి తిరిగొస్తోంది. బజారు మలుపు. ముందు తోపుడుబండి ఉంటే మనిషి నడకంత నెమ్మదిగానే తిప్పింది. కింద ఏదో ఫెడేలుమంది. స్టీరింగు ఆమె చేతిలోంచి లాక్కున్నట్టు పోయింది. కారు ఎడమవైపుకు కూలబడి, రోడ్డు పక్క గట్టును గీరుకుంటూ ఆగింది. అత్తగారి నుదురు ముందుకెళ్లి కొట్టుకుంది. "అమ్మో, చంపేశావే!" అని ఆవిడ కేక పెట్టింది.

జనం మూగారు. దెబ్బ తగిలిందా అని అడిగినవాళ్లు తక్కువ. "నడిపింది లేడీసా?" అన్నవాళ్లు ఎక్కువ. ఆమె అత్తగారిని నీడలో కూర్చోబెట్టి నీళ్లు తాగించి, చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని రోడ్డు మీదే వంగి చూసింది. చక్రం పక్కకు ఒరిగి ఉంది. దాన్ని పట్టుకోవాల్సిన ఇనుప చెయ్యి రెండు ముక్కలై ఉంది. విరిగిన చోట ఇనుము రంగే లేదు. గోధుమరంగు పొడి. వేలితో తాకితే, నానిన గోడ పెచ్చులా రాలిపడింది. పైపై రంగు మార్పు, అనుకుంది.

ఫోను చేస్తే భర్త వచ్చాడు. తల్లి నుదురు చూశాడు. తర్వాత కారు బంపరు చూశాడు. "ఎక్కడ గుద్దావు?" అన్నాడు.

"గుద్దలేదండీ. అదే విరిగింది. మీరే చూడండి."

అతను వంగి చూశాడు. చూసి, చాలాసేపు లేవలేదు. లేచేసరికి మొహంలో ఏమీ లేదు. గుంపులో ఒకాయన "నాదీ ఈ మోడలే సార్, నాకూ చప్పుడొస్తోంది, ఏమంటారు?" అని అడిగాడు. భర్త చేతులు దులుపుకుని నవ్వాడు. "బండికేం లేదు సార్. మా ఆవిడకే ఇంకా చెయ్యి కుదర్లేదు" అన్నాడు. గుంపంతా నవ్వింది. అడిగినాయన కూడా హమ్మయ్య అనుకున్నట్టు నవ్వి, తన కారెక్కి వెళ్లిపోయాడు. వెనక సీట్లో ఇద్దరు పిల్లలున్నారు. ఆ కారు మలుపు తిరిగేదాకా ఆమె చూస్తూ నిలబడింది.

సాయంత్రం ఆడపడుచు ఫోను చేసింది. తల్లి క్షేమం కనుక్కుని, ఆ తర్వాత గొంతు తగ్గించింది.

"అదేంటి వదినా, నీ బండికి ఆ ముక్క మార్పించలేదా? అన్నయ్య నాదానికి మొన్న వేసవిలోనే రెండు వైపులా మార్పించాడుగా. ఈ మోడలుకి అది వీకు, పిల్లల్ని ఎక్కించుకుని తిరుగుతావు, అశ్రద్ధ చెయ్యకు అని తనే వచ్చి బండి తీసుకుపోయాడు. నీకు చెప్పలేదా?"

"చెప్పలేదమ్మా" అంది ఆమె.

ఫోను పెట్టేశాక ఆమె పొయ్యి కట్టేసింది. మొన్న వేసవి. తాళాలు ఆమె చేతిలో పెట్టింది ఆ తర్వాతే. చెల్లెలి బండి బాగుచేయించాడు. తను బైకెక్కాడు. మిగిలిన బండిని, చుట్టాలందరి ముందూ, పెళ్లానికి బహుమానమిచ్చాడు. చెమర్చిన తన కళ్లు గుర్తొచ్చి ఆమెకు ఒళ్లంతా జెర్రులు పాకినట్టయింది.

భర్త హాల్లో టీవీ చూస్తున్నాడు. అత్తగారు సోఫాలో నుదుటికి కట్టుతో పడుకుని ఉంది. ఆమె వెళ్లి టీవీ ఆపింది.

"మీకు తెలుసు."

"ఏం తెలుసు?"

"ఆ ముక్క విరుగుతుందని. చెల్లెలిది మార్పించారు."

అతను ఒక్క క్షణం తడబడ్డాడు. అంతే. "రెండే వచ్చాయి అప్పుడు. అది ఊరవతల రోడ్ల మీద తిరుగుతుంది. నువ్వు ఊళ్లోనేగా. సరుకొచ్చాక నీదీ చేయిద్దామనే అనుకున్నా."

"మరి మీరెందుకు బైకెక్కారు?"

"ట్రాఫిక్కు" అన్నాడు. ఆమె కళ్లలోకి చూడలేదు.

"చప్పుడొస్తోందని మొత్తుకున్నాను కదండీ! నోటితో చేసి మరీ చూపించాను. అప్పుడైనా చెప్పొచ్చుగా, నడపొద్దని?"

"చెప్తే భయపడతావు. భయపడితే బండి తియ్యవు. బండి తియ్యకపోతే ఇంట్లో పనులెలా జరుగుతాయి? పాపనెవరు దింపుతారు, అమ్మనెవరు తిప్పుతారు?" అన్నాడు విసుగ్గా. ఇంత చిన్న విషయం అర్థం కాని మనిషికి విడమరిచి చెబుతున్నట్టు అన్నాడు.

ఆమె చావాలని అతనికి లేదు. అది ఆమెకు తెలుసు. అదే ఉంటే, తన కోపానికి ఒక గురైనా ఉండేది. అతనికి పనులు జరగాలి, అంతే. పాపను కూడా ఆ లెక్కలోనే వదిలేశాడు. ఆమె అత్తగారి వైపు చూసింది. నుదురు చిట్లింది ఆవిడకే. ఆ కారులో వారం వారం తిరిగింది ఆవిడే. ఒక్క మాట, కొడుకుని ఒక్క మాట అంటుందేమోనని ఎదురుచూసింది.

అత్తగారు కట్టు సర్దుకుంది. "నువ్వింకాస్త గట్టిగా చెప్పి ఉండాల్సిందమ్మా" అంది.

మర్నాడు ఆమె పాపను బస్సులో బడికి తీసుకెళ్లి, మళ్లీ బస్సెక్కి పనికొచ్చింది. సీట్లో కూర్చుని హెడ్‌సెట్ పెట్టుకుంది. మూడు నాలుగు ఫోన్ల తర్వాత ఒక మగగొంతు వచ్చింది. దర్జాగా ఉంది. మాటలో నవ్వు కూడా ఉంది.

"మేడం, మా ఆవిడ నిన్న కారును గోడకు కొట్టింది. చెయ్యి విరగ్గొట్టుకుంది. చక్రమే ఊడింది, నా తప్పు లేదంటోంది. ఇంట్లో పొద్దున్నుంచీ ఇదే గోల. స్పీకర్ ఆన్ చేశాను, కంపెనీవాళ్లుగా మీరే చెప్పండి. తప్పు నడపడంలోదే కదా?"

"మేడం పక్కనే ఉన్నారా?"

"ఉంది. మీరు నాకు చెప్పండి."

"ఆవిడతోనే మాట్లాడాలండీ."

కాసేపటికి ఒక సన్నటి గొంతు వినబడింది. "చెప్పండి."

"నేను కాదు, మీరు చెప్పండమ్మా. ఏమైంది?"

అలాంటి ప్రశ్న అడుగుతారని ఆవిడ అనుకున్నట్టు లేదు. "మలుపు తిప్పుతుంటేనండీ... ఫెడేల్మంది. స్టీరింగు చేతిలోంచి పోయింది. అంతకు ముందునుంచే చప్పుడొస్తోందని చెబుతూనే ఉన్నా..."

"తప్పు మీది కాదు" అంది ఆమె. "అది తుప్పు. ఈ మోడలుకి చక్రాన్ని పట్టుకునే ఆర్మ్ తుప్పు పట్టి విరుగుతోంది. మీకొక్కరికే కాదు, చాలామందికి విరిగింది. కంపెనీకి తెలుసు. వర్క్‌షాపు మేనేజర్లకు తెలుసు. ఆ తెలిసినవాళ్లలో ఒకరు నా భర్త. నిన్న అదే నా కారుకూ విరిగింది."

పక్క సీట్లో అమ్మాయి మాట్లాడటం ఆపేసింది. టీమ్ లీడరు వెనకనుంచి గబగబా వచ్చి, చేత్తో గొంతు దగ్గర గీత గీసి, కట్ చెయ్యమని సైగ చేశాడు. ఆమె కుర్చీ అవతలికి తిప్పేసుకుంది.

"హలో! మీరసలు కంపెనీ మనిషేనా?" మగగొంతులో నవ్వు పోయింది.

"అవునండీ. ఈ కాల్ రికార్డవుతోంది, చెరిపెయ్యడానికి నా చేతిలో ఏమీ లేదు. విరిగిన ముక్కను వర్క్‌షాపుకివ్వకండి, దాచుకోండి. వాహనాల భద్రత చూసే సర్కారు ఆఫీసులో ఫిర్యాదు చెయ్యండి. నాదీ ఇవాళే ఇస్తున్నాను. సాక్ష్యానికి పిలిస్తే నేనొస్తాను. మా ఆయన ఎదురుగా ఉన్నా ఇదే చెప్తాను."

టీమ్ లీడరు సూపర్‌వైజరు గది వైపు పరుగెత్తాడు. ఇంకెంతో సమయం లేదని ఆమెకు తెలుసు. అయినా తొందరపడలేదు. అవతల కుర్చీ జరిగిన చప్పుడు, ఏదో తలుపు తెరిచిన చప్పుడు వినబడ్డాయి. తర్వాత ఆ సన్నటి గొంతు, ఈసారి కాస్త దగ్గరగా వచ్చింది.

"ఇంకొక్కసారి చెప్తారా అమ్మా? మా అత్తగారు ఇప్పుడే లోపలికొచ్చారు."

"చెప్తాను" అంది ఆమె. మొదట్నుంచీ చెప్పింది.