యోషిహారు దగ్గు

"ఈ పెట్టె ఈ ఇంటికి నీకంటే ముందొచ్చింది అమ్మాయ్. దీన్ని పంపించాలంటే ముందు నన్ను పంపించు," అంది టోకి.

"మీరూ, మందుల పెట్టే ఒకటేనా అత్తయ్యా? వీధి చివరే మందుల దుకాణం ఉంది కదా అంటున్నాను," అంది సనాయే. పొద్దున టీ దగ్గర మొదలైన గొడవ మధ్యాహ్నం నూడుల్స్ దాకా వచ్చింది.

ఎర్ర అట్టపెట్టె అది. మందులాయన నింపి పెట్టి వెళ్తాడు. కొన్ని నెలలకు మళ్ళీ వచ్చి, వాడినవాటికే డబ్బు తీసుకుని ఖాళీలు నింపుతాడు. ఎవరు ఏం తీశారని ఇంట్లో ఎవరూ అడగరు. ఒంట్లో బాగాలేని మనిషిని అలా నిలదీయడం మర్యాద కాదు.

"పెట్టె ఉండాల్సిందే," అన్నాడు సనాయే భర్త యోషిహారు, చాప్‌స్టిక్స్ బల్లకేసి కొట్టి.

సనాయే తెల్లబోయింది. కర్టెన్ల రంగు అడిగినా 'నీ ఇష్టం' అనే మనిషి.

అంతలోనే మందులాయన హిగూచి వచ్చాడు. గుమ్మం దగ్గరే కూర్చుని పెట్టె తెరిచాడు.

"దగ్గు మందు ఈసారీ ఒక్క సీసా మిగల్లేదు పెద్దమ్మా. సారుని ఒకసారి డాక్టరుకి చూపించండి."

"మావాడిది మొండి దగ్గు నాయనా. ఇంకో నాలుగు ఎక్కువే పెట్టు," అంది టోకి.

ఆయన పెట్టి వెళ్ళిపోయాడు. సనాయే నిండిన పెట్టె వైపు చూస్తూ నిలబడిపోయింది. ఆమె హైస్కూల్లో ఆరోగ్య టీచరు. మొన్ననే యూనివర్సిటీ వాళ్ళు పరిశోధన కోసం బడికి వచ్చి, పిల్లలు మత్తు కోసం దగ్గు మందు తాగుతున్నారని, అది ఎక్కువగా ఇంట్లోనే దొరుకుతోందని చెప్పి వెళ్ళారు. ఆమె కూతురి వైపు తిరిగింది.

"చిజురూ, నిజం చెప్పు. నువ్వేనా తాగేది?"

"నేనా?" చిజురు నవ్వబోయి ఆగిపోయింది. "బడంతటికీ పాఠాలు చెప్తావు గానీ, మనింట్లో దగ్గేదెవరో తెలీదా అమ్మా?"

"మీ నాన్న. అయితే?"

"పెట్టె తెరిచే ముందే దగ్గుతాడు. ఇంకెప్పుడైనా విన్నావా? నిద్రలో?"

సనాయే గుర్తు చేసుకోబోయింది. పక్కనే పడుకునే మనిషి. రాత్రిపూట ఒక్క దగ్గూ గుర్తు రాలేదు.

"నోర్ముయ్!" అని అరిచింది టోకి. "నా కొడుకు పండగపూట కూడా చుక్క ముట్టడు. రోజూ డిపోలో తాగాడేమోనని గొట్టం ఊదించాకే బస్సు నడపనిస్తారు!"

"గొట్టానికి తెలిసేది సాకే లాంటి సారా వాసనే నానమ్మా. సైకిల్ ఎందుకు కొనిపించుకున్నాననుకున్నారు, సన్నబడ్డానికా? నాన్న బస్సెక్కాలంటే భయమేసి. ఒకరోజు చివరి స్టాపులో దగ్గు మందు సీసా ఎత్తి తాగాడు. అద్దంలో నన్ను చూసి చెయ్యి కూడా ఊపాడు."

సనాయే భర్త వైపు తిరిగింది. ఉదయం పూట ఆ బస్సు నిండా ఆమె బడి పిల్లలే. వసంతం నుంచీ కూతురు ఆ బస్సెక్కకుండా ఉంటోంది. మిగతా పిల్లలంతా ఎక్కుతూనే ఉన్నారు.

"అబద్ధమని చెప్పండి. ఏమండీ!"

యోషిహారు తలెత్తలేదు. "మొదట్లో నిజంగానే దగ్గు," అన్నాడు. "తర్వాత తాగకపోతే స్టీరింగ్ మీద చెయ్యి వణికేది. తాగితే నిలబడేది. బస్సు కోసమే కదా అనుకున్నా."

"దగ్గు మందే కదరా," అంది టోకి. "దగ్గు మందుకేమవుతుందిరా?"

గిన్నెల్లో నూడుల్స్ ఉబ్బిపోయాయి. యోషిహారు ముగ్గురి వైపూ ఒక్కొక్కరినీ చూశాడు.

"రేపు బస్సెక్కను," అన్నాడు మెల్లగా. "ఇప్పుడే డిపోకి ఫోన్ చేసి ఎందుకో చెప్తాను. పొద్దున్నే ఆసుపత్రికి వెళ్తాను. సనాయే, నువ్వు నాతో రా."