లూ మేడమ్ వేసిన మూడు మార్కులు

తైనాన్ నగరంలోని ఓ పెద్దాసుపత్రిలో డాక్టరుగా శిక్షణకు చేరి నాకప్పటికి రెండో ఏడు. నెలకోసారి మేం రోగిని పరీక్షిస్తుంటే పెద్ద డాక్టరు పక్కన నిలబడి చూసి, తొమ్మిదికి ఇన్ని అని మార్కులు వేయాలి. ఎవరూ వచ్చి చూసేవారు కాదు. కాగితం ముందు పెడితే ఎనిమిది వేసి సంతకం గీకేవారు.

కొత్తగా వచ్చిన లూ పేయ్‌షాన్ మేడమ్ మాత్రం నిజంగానే వచ్చింది. గోడకు ఆనుకుని పావుగంట నన్నే చూసింది. రోగి, చేపల చెరువుల్లో పనిచేసే కో తాత. షుగరు పెరిగి చేరాడు.

వరండాలోకి రాగానే అడిగింది. "పిన్‌యూ, తాత పాదాలు చూశావా?"

"గుండె, ఊపిరితిత్తులు చూశాను మేడమ్."

"నేనడిగింది పాదాలు. కాలు మంటగా ఉందని ఆయన రెండుసార్లు గొణిగాడు. నువ్వు కంప్యూటర్లో టైపు చేసుకుంటున్నావు. పద, ఇద్దరం చూద్దాం."

మేజోడు విప్పితే చిటికెనవేలి కింద నల్లబడిన పుండు.

"చేప ముల్లు గుచ్చుకుందిలే అమ్మాయ్. నువ్వడగలేదు, నేను గట్టిగా చెప్పలేదు," అన్నాడు తాత నాతో.

మేడమ్ నాకు మూడు వేసింది. అవమానంతో తోటివాళ్ల దగ్గర ఏడ్చాను. ఆ ఏడుపు మా విభాగాధిపతి షీ సార్ చెవిన పడింది. ఆయన మా ఇద్దర్నీ పిలిపించాడు.

"మూడేంటమ్మా లూ? వచ్చే నెల తనిఖీ ఉంది. మనకు చదువు చెప్పడం రాదనుకుంటారు. దాన్ని ఏడు చెయ్."

"చూడని కాలికి ఏడెలా వెయ్యను సార్?"

"ఊళ్లో ఎవరికీ లేని నీతులు నీకొక్కదానికే ఎందుకమ్మా?" అని నావైపు తిరిగాడు. "నువ్వు చెప్పు. ఆ మార్కు న్యాయమేనా?"

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. "కొంచెం కఠినంగా వేశారు సార్," అన్నాను.

మేడమ్ నావైపు చూడనైనా లేదు. వారం తిరక్కుండా ఆమెను శిక్షణ పనుల నుంచి తప్పించి, కింద ఓపీకి పంపేశారు. మూడును ఏడుగా దిద్దారు. తనిఖీకి వచ్చినవాళ్లు మా విభాగాన్ని మెచ్చుకున్నారు. కో తాతకు కాలు దక్కింది గానీ రెండు వేళ్లు తీసేయాల్సి వచ్చింది.

ఆయన కాలికి నేను కట్టు మార్చిన రోజు ఉండబట్టలేక ఓపీకి వెళ్లాను.

"తప్పు చేశాను మేడమ్. ఇంకోసారి వచ్చి నన్ను చూస్తారా?"

ఆమె రాస్తున్న చీటీ మీంచి తల ఎత్తలేదు.

"ఇప్పుడది నా పని కాదమ్మా. బయట నలభై మంది కూర్చున్నారు. వెళ్తూ తలుపు దగ్గరకు వెయ్."