అబ్జెక్ట్ చేసిన కండువా

“తెలంగాణ కండువాను ఆబ్జెక్ట్ చేసిన సార్! క్లాసు కిందికి దించిన!”

సిరిసిల్ల మరమగ్గాల సొసైటీ ఆఫీసులో కంప్యూటర్ చూసే కోరుట్ల పిల్ల ఊర్మిల, తనకు కంప్యూటర్ నేర్పిన జగిత్యాల సారుతో ఫోన్లో అన్నది ఇంతే. కిటికీ అవతల చాయ్ తాగుతున్న హన్మండ్లుకు ఇంతే చాలింది. మగ్గాలు రిపేరు చేసే మనిషి కదా, ఏ మాట విన్నా విప్పకుండా వదలడు. ఎటొచ్చీ మళ్లీ బిగించడమే సరిగ్గా రాదు.

సకల జనుల సమ్మె రోజులవి. బస్సులు బంద్, బడులు బంద్. ఉద్యమానికి బట్ట నేసే మగ్గాలు మాత్రం ఆడుతున్నాయి. హన్మండ్లు షెడ్డులోకి ఉరికి, ఆ మోతకు మించి మోత మోగించాడు.

“ఇనుండ్రి! గా కోరుట్ల పిల్ల మన కండువాను అబ్జెక్ట్ చేసిందట! లో క్లాసుల ఏసిందట! జగిత్యాల సారుకు చెప్తుంటె నా చెవులార ఇన్న!”

మగ్గాలు ఒక్కొక్కటే ఆగాయి. కండువాలు మడిచి కట్టలు కట్టే చంద్రవ్వ ఆ కట్టల మీదే చతికిలబడింది.

“గా పిల్ల మాఫీ అడిగేదాంక ఒక్క కట్ట కదలది. మా కండువా ఏం పాపం చేసిందని?”

ప్రెసిడెంటు సాయన్న గుండె జారి లుంగీలో పడింది. రేపే జగిత్యాలలో సభ. సాయంత్రానికి కట్టలు వ్యాన్ ఎక్కాలి. మొన్న కోరుట్ల ఊరేగింపుకు పంపిన గులాబి తువ్వాలలు వానకు తడిసి, రంగంలోకి దిగిన వాళ్లందరి మీదికీ రంగు దిగింది. తెల్లంగీతో పోయినవాళ్లు గులాబి అంగీతో ఇల్లు చేరారు. ఇప్పుడు మాట తప్పినా, మళ్లీ రంగు తప్పినా సిరిసిల్ల బట్టను ఎవరూ ముట్టరు.

“బిడ్డా, నువ్వు మనదానివే గద! కండువా మీద అబ్జెక్షన్ ఏంది?” అన్నాడు, ఊర్మిల షెడ్డులోకి రాగానే.

ఊర్మిల ముందు తెల్లబోయింది. తరువాత పకపకా నవ్వింది.

“అబ్జెక్షన్ గాదు కాకా, ఆబ్జెక్ట్! అంటే వస్తువు. ఇన్నొద్దులు రంగు ఒక ఫైల్ల, కొలత ఒక ఫైల్ల, ఉతుకుడు ఇంకో ఫైల్ల. కండువా ఒక్కటే గని దాని సమాచారం మూడిండ్ల సంసారం! గిప్పుడు అంత ఒక్క కాడికి తెచ్చి కండువాను ఆబ్జెక్ట్ చేసిన. నూలు కాడికెంచి చిరిగి మసిబట్టయ్యేదాంక దాని సంగతి దానికే ఎరుక.”

“మరి కిందికెందుకు దించినవ్?” చంద్రవ్వ కట్ట దిగలేదు.

“రంగుబట్ట అనేది తల్లి క్లాసు అవ్వా. తువ్వాల, కండువా బిడ్డలు. బిడ్డలు తల్లి కిందనే గద ఉండేది? కోరుట్ల సంగతి అయినంక, సబ్బునీళ్లల్ల ఉడకబెట్టాలని తువ్వాలకే చెప్పినం. కండువాకు చెప్పుడు మరిచినం. అందుకే తల్లికే చెప్పిన. తల్లికి చెప్తె బిడ్డలందరికి చెప్పినట్టే.”

“తల్లి మాట ఏ బిడ్డ ఇంటున్నది పిల్లా!”

“కంప్యూటర్ల ఇంటది! ఇన్నది గనుకనే, గిప్పుడే లిస్టుల వ్యాన్‌ల ఎక్కించబోతె ‘నేనింక ఉడకలె, ఎక్క’ అన్నది. గదే చెప్దామని వస్తున్న.”

చంద్రవ్వకు ఉడుకు అక్కడే పుట్టింది. లేచి, కట్టలోంచి ఒక కండువా లాగి, బకెట్ నీళ్లలో ముంచి పిండింది. నీళ్లు గులాబి షర్బత్ అయ్యాయి. హన్మండ్లుతో సహా అందరూ బకెట్ చుట్టూ మూగారు.

“చూస్తరేంది? కట్టలిప్పుండ్రి! పొయ్యి ముట్టియ్యుండ్రి!” సాయన్న గొంతులోకి ప్రెసిడెంటు తిరిగొచ్చాడు.

కండువాలన్నీ సబ్బునీళ్లలో కుతకుత ఉడికి, డాబాల మీద ఎండ మింగి, పొద్దు వాలేసరికి మళ్లీ మడతల్లోకి చేరాయి. చంద్రవ్వ ఇంకోటి ముంచి చూసింది. నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి. “పోనియ్యుండ్రి,” అంది.

వ్యాన్ కదిలే ముందు, మాట మళ్లీ వంకర పోకుండా, సాయన్న మెట్టెక్కి అందరికీ వినబడేలా అరిచాడు.

“ఇనుండ్రి! ఊర్మిల కండువాను అబ్జెక్ట్ చెయ్యలె, ఆబ్జెక్ట్ చేసింది. అబ్జెక్ట్ చేసింది కండువానే!”

హన్మండ్లు తల గోక్కున్నాడు. “మరి నేనేం చేసిన్నే అన్నా?”

“నువ్వు సబ్జెక్ట్ ఎరుక లేక సౌండ్ చేసినవ్!”