వదిన పెట్టించిన మీటింగు

రేవు చేతికొచ్చిన ఏడాది అక్కడ ఎవరి కాళ్ళూ నేల మీద నిలవలేదు. అంతకుముందు అది ఒక కాంట్రాక్టరుది. పడవ కట్టుకోవాలన్నా, బుట్ట దించుకోవాలన్నా అతని మనుషుల మొహం చూడాల్సొచ్చేది. పడవలవాళ్ళు, చేపలమ్మేవాళ్ళు, వలలు బాగుచేసేవాళ్ళు అంతా కలిసి ఏళ్ళ తరబడి పోట్లాడితే, పైవాళ్ళు చివరికి విసిగిపోయి "మీ రేవు మీరే చూసుకోండి" అని రాసిచ్చేశారు. ఓట్లేసుకుని కమిటీ పెట్టుకున్నారు. రెండు పడవలున్న ఒక మాటకారి అధ్యక్షుడయ్యాడు. చేపలు కోసే ఆడవాళ్ళ తరఫున అతని అన్న భార్య కమిటీలో కూర్చుంది. అతను నలుగురిలోనూ "వదినా, వదినా" అని పిలవగా పిలవగా రేవంతా ఆమెను వదిన అనే పిలిచేది. ఆమెకంటే పెద్దవాళ్ళు కూడా అంతే.

మొదట్లో బాగానే సాగింది. కుళాయిల్లో నీళ్ళొచ్చాయి, గట్టు మీద దీపాలు వెలిగాయి, కోతల షెడ్డుకి కొత్త రేకులు పడ్డాయి. తేలనిది చెత్త ఒక్కటే. తలకాయలు, పేగులు, మొప్పలు, పొలుసులు. ఐసు ఫ్యాక్టరీ వెనక మూతలున్న గుంతలు కట్టించి ఎరువు చేద్దామని మొదటి మీటింగులోనే అనుకున్నారు. ఫ్యాక్టరీ ఓనరు కూడా కమిటీలో ఉన్నాడు. "నా గోడ పక్కన కంపేంటి? జనం నా ఐసు కొంటారా?" అన్నాడు. వచ్చే మీటింగులో చూద్దామన్నారు. ఆ వచ్చే మీటింగులోనూ అదే మాట. ఈలోగా కమిటీ ఒక ట్రాక్టరు మాట్లాడింది. రోజూ మధ్యాహ్నం అది వచ్చి తొట్లు ఎత్తుకుపోయేది. ఎక్కడికని ఎవరూ అడగలేదు. షెడ్డు అద్దంలా ఉండేది మరి.

ఒకరోజు పొద్దున ఒకావిడ షెడ్డులోకొచ్చి వదిన ఎదురుగా నిలబడింది. గట్టు చివర, అలల అడ్డుగోడ అవతల, రాళ్ళ మీద ఆల్చిప్పలు ఏరుకుంటూ గుడిసెల్లో బతికే మనుషులున్నారు. ఈవిడ వాళ్ళలో మనిషి. తడి చీర మోకాళ్ళదాకా ఎగదోపుకుని ఉంది.

"మీరేనా వదినంటే?"

"నేనే. ఏం కావాలమ్మా?"

"నాకేం వద్దు. మీరు కోసినవి ఎక్కడికి చేరుతున్నాయో ఒక్కసారి వచ్చి చూడండి. చూసి వెళ్ళిపోండి, చాలు."

వదిన కత్తి కడిగి పక్కన పెట్టి ఆవిడ వెనకే నడిచింది.

అడ్డుగోడ ఇంకా దూరంగా ఉండగానే కంపు ఎదురొచ్చింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి చేపల మధ్యే బతికిన మనిషి వదిన. నీచు వాసనంటే ఆమెకు గాలిలాంటిది. ఇది నీచు కాదు. కుళ్ళు. గోడ ఎక్కి చూస్తే అవతల రాళ్ళే కనపడలేదు. నల్లగా, మెత్తగా, నురగ కట్టి ఏదో పరుచుకుని ఉంది. అది కదులుతోంది. దగ్గరికెళ్ళాక తెలిసింది, కదిలేవి పురుగులని. వాటి మీద ఈగల దుప్పటి. అలొచ్చినప్పుడల్లా ఆ ముద్ద కొంచెం లేచి మళ్ళీ గుడిసెల వైపు జారుతోంది. ఒక కుక్క తలకాయ కొరుకుతూ, మధ్యలో కక్కుకుంటూ, మళ్ళీ కొరుకుతోంది. ఆ పక్కనే ఒకావిడ గిన్నెలు తోముకుంటోంది. ఇంకెక్కడ తోముకుంటుంది?

"ఆల్చిప్పలు?" అంది వదిన.

"చచ్చాయి."

"కమిటీకి చెప్పలేదా?"

"చెప్పాం. పడవ గానీ, దుకాణం గానీ, షెడ్డులో పీట గానీ ఉన్నవాళ్ళే రేవు మనుషులటగా. మేం లెక్కలోకి రామన్నారు."

ఆ నిబంధన పెట్టినప్పుడు చెయ్యెత్తినవాళ్ళలో వదిన కూడా ఉంది. ఆ రోజు ఆమెకి వీళ్ళు గుర్తే రాలేదు. పక్కకు తిరిగి ఉమ్మేసింది.

వాళ్ళది ఉమ్మడి ఇల్లు. కింద మరిది కుటుంబం, అత్తగారు. పైన వదినా, ఆమె భర్తా. భర్త పడవ ఇంజన్ల మెకానిక్కు. మాట అడిగితే స్పానరు అందించే రకం. వదిన చెప్పులు కూడా విప్పకుండా కింది వంటింట్లోకి వెళ్ళింది. మరిది అన్నం తింటున్నాడు.

"అడ్డుగోడ అవతల పోయిస్తున్నది నువ్వేనా?"

"వదినా, తినేటప్పుడు ఆ మాటలెందుకు?"

"వాళ్ళు తినేది దాని పక్కనే."

అతను ముద్ద కలుపుతూనే నవ్వాడు. "వాళ్ళెవరు మనకి? ఓటా, పాటా? ఇవాళ ఇక్కడుంటారు, రేపు ఇంకో గట్టు. అయినా ఆ జనానికి అలవాటే వదినా, వాళ్ళకు వాసన తెలీదు."

పాత కాంట్రాక్టరు రేవువాళ్ళ గురించి సరిగ్గా ఆ మాటే అన్నాడు, చేపలోళ్ళకు వాసన తెలీదని. ఆ రోజు అతని ఆఫీసు ముందు చొక్కా చింపుకుని అరిచినవాడు ఈ మరిదే. ఇప్పుడు అదే మాట అతని నోట్లోంచి అన్నం మెతుకులతో కలిసి వస్తోంది. ఆ మెతుకులు చూస్తుంటే వదినకి పొద్దుటి పురుగులు కళ్ళ ముందు మెదిలాయి.

"ఏరు దాటాక తెప్ప తగలేశావు కదరా" అంది.

అత్తగారు గదిలోంచి అందుకుంది. "ఇంట్లో మాట ఇంట్లోనే ఉండనీ. వాడు అధ్యక్షుడు. నలుగురిలో వాడి పరువు తీశావంటే నీ పరువూ పోతుంది."

"పరువు గోడ అవతల పడుంది అత్తయ్యా. ఈగలు ముసురుతున్నాయి" అని వదిన మెట్లెక్కింది.

కమిటీలో ఒక పద్ధతి ఉంది. నెలకొకరు మీటింగు చోటు చెప్పాలి, అది గట్టు మీద ఎక్కడైనా కావచ్చు. జనం మధ్యే పాలన జరగాలని మురిపెంగా రాసుకున్నారు. రాశాక మాత్రం ఆఫీసులో ఫ్యాను కింద తప్ప ఎక్కడా కూర్చోలేదు. ఆ నెల వంతు వదినది. "అడ్డుగోడ అవతల" అంది.

వచ్చారు, రాకపోతే మాటపడాలి కనుక. కుర్చీలు మోసుకుని, ముక్కులకు రుమాళ్ళు కట్టుకుని, పెళ్ళికొచ్చిన దొంగల్లా వరసగా వచ్చారు. వలల సంఘం పెద్దాయన కుర్చీ వేయగానే దాని కాళ్ళు ఆ మెత్తటిదాంట్లోకి దిగబడ్డాయి. ఐసు ఫ్యాక్టరీ ఓనరు కాసేపు బిగబట్టి, లేచి, నాలుగడుగులు వేసి భళ్ళున కక్కాడు. ఆల్చిప్పలావిడ చెంబుతో నీళ్ళు తెచ్చి అందించింది. అతను దాన్నోసారి, ఆవిడ చేతినోసారి చూసి, "సీసా నీళ్ళు లేవా ఎవరి దగ్గరా?" అని కేకేశాడు. చెంబు ఆవిడ చేతిలోనే ఉండిపోయింది.

వదిన మాట్లాడింది, ఆవిడతోనూ మాట్లాడించింది. అంతా తలలూపారు. పాపం అన్నారు. తర్వాత మరిది లేచి రుమాలులోంచే, "ముందొక అత్యవసర తీర్మానం. ఇక మీదట సమావేశాలు ఆఫీసులోనే జరగాలి. ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి" అన్నాడు.

నెలల తరబడి గుంతల సంగతి తేల్చలేని చేతులు అన్నీ ఒక్కసారి లేచాయి. వదినది తప్ప. మిగతాది వచ్చే మీటింగులో అనుకుంటూ కుర్చీలు ఎత్తుకుని దాదాపు పరిగెత్తారు.

వాళ్ళ వీపులు చూస్తుంటే ఆమెకి పుట్టిన అసహ్యం ముందు ఆ కుళ్ళు ఏపాటి? కుళ్ళడం చచ్చిన చేప తప్పు కాదు.

మర్నాడు ఆమె షెడ్డులో ఆడవాళ్ళని గోడ అవతలికి తీసుకెళ్ళి చూపించింది. ఒకామె అక్కడే ఏడ్చింది. ఇంకొకామె ట్రాక్టరువాణ్ణీ, వాణ్ణి పంపినవాళ్ళనీ, వాళ్ళని కన్నవాళ్ళనీ తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టింది. మధ్యాహ్నం ట్రాక్టరు వస్తే తొట్లు ఇవ్వలేదు. తలా ఒక చెయ్యి వేసి మోసుకెళ్ళి కమిటీ ఆఫీసు గుమ్మం ముందు వరసగా పెట్టారు. మూతల్లేకుండా.

ఎండకి సాయంత్రానికే కుళ్ళు పని మొదలెట్టింది. మరుసటి రోజు ఆఫీసులో ఫ్యాను వేస్తే కంపు గదంతా తిరిగింది. బేరగాళ్ళు వచ్చినవాళ్ళు వచ్చినట్టే వెనక్కి తిరిగారు. ఐసు కొనే మనిషి లేడు. మరిది షెడ్డుకొచ్చి కత్తుల మధ్య నిలబడి అరిచాడు.

"పోలీసుల్ని పిలుస్తా!"

"పిలువు నాయనా. వాళ్ళకీ ముక్కులున్నాయి" అంది వదిన, కోస్తున్న చేప మీంచి తలెత్తకుండా.

ఎవరో కిసుక్కున నవ్వారు. అతని మొహం కందగడ్డ అయింది.

ఇంకో పొద్దు గడవకుండానే ఐసు ఫ్యాక్టరీ వెనక తవ్వకం మొదలైంది. ఓనరే దగ్గరుండి గునపాలు ఇప్పించాడు. గుంతలు పూర్తయిన రోజు మరిది బల్ల మీదెక్కి, కమిటీ ముందుచూపుతో తీసుకున్న నిర్ణయమిది అని మాట్లాడాడు. చప్పట్లు పడ్డాయి. ఫోటో తీస్తూ, "రా వదినా, పక్కన నిలబడు, నీ పట్టుదల కూడా ఉందిగా" అని పళ్ళికిలించాడు. ఇంట్లో వారంగా ఆమె మొహం చూడనివాడు. వదిన అక్కణ్ణించి వెళ్ళిపోయింది.

పార తీసుకుని అడ్డుగోడ అవతలికి పోయింది. పాత కుప్ప అలాగే ఉంది. అది ఎవరి తీర్మానంలోనూ లేదు. భర్త ఇంకో పార పట్టుకుని వెనకే వచ్చాడు. షెడ్డులోంచి కొందరొచ్చారు. ముక్కులకు గుడ్డలు కట్టుకుని ఎత్తారు. కింది పొరలు తగిలేసరికి ఇద్దరు పక్కకెళ్ళి వాంతి చేసుకుని మళ్ళీ వచ్చి పార పట్టారు.

ఆల్చిప్పలావిడ కాసేపు చూసి అంది. "గుంతలు తవ్వింది వాళ్ళ ముక్కుల కోసం. మా కోసం కాదు."

"తెలుసు" అంది వదిన.

"మీ ముక్కు కోసం కూడానా?"

వదిన పారని కుప్పలోకి దించింది. రాళ్ళు బయటపడ్డాయి గానీ ఆ ఏడాది వాటి మీద ఆల్చిప్పలు పట్టలేదు. కొన్ని కుటుంబాలు వేరే గట్టుకి వెళ్ళిపోయాయి.

వెళ్ళనివాళ్ళకి ఓటు ఉండాలని వదిన తర్వాతి మీటింగులో పట్టుబట్టింది. ఆ రోజు ఆల్చిప్పలావిడ పిలవకుండానే వచ్చి గోడ పక్కన బెంచీ మీద కూర్చుంది. తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. ఆవిడ దగ్గర సబ్బు వాసన తప్ప ఏమీ లేదు. ఐసు ఫ్యాక్టరీ ఓనరు లేచి కిటికీ తెరిచాడు.

"దీని గురించి వచ్చే మీటింగులో చూద్దాం" అన్నాడు మరిది.

"ఇప్పుడే" అంది వదిన. కుర్చీ లాక్కుని వెళ్ళి బెంచీ పక్కన వేసుకుని కూర్చుంది. "చేతులెత్తమని అడుగు. ఎవరెవరు ఎత్తరో ఆవిణ్ణి చూడనీ."