కనిపించకుండా పోయిన దోషి

నిఘంటువు ఆఫీసులో మాటకో కార్డు చొప్పున దాచిన సొరుగులు చూసుకునే ఆవిడను అందరూ సొరుగులమ్మ అనేవారు. ఇరవై రెండేళ్లలో ఒక్క కార్డు పోగొట్టి ఎరగదు. అలాంటి మనిషి సొరుగులోంచి 'కల్ప్రిట్' కార్డు మాయమైంది. దోషి అనే అర్థమున్న ఇంగ్లీషు మాటే పరారైందని మిగతావాళ్లు ముసిముసిగా నవ్వుకున్నారు. ఆవిడకు నవ్వు రాలేదు. కార్డు పోగొట్టినవాళ్ల ఉద్యోగం ఊడుతుందని గోడమీద నోటీసుంది మరి.

నోటీసు అంటించింది ప్రధాన సంపాదకుడే. కార్డు తీసేవాళ్లెవరైనా చీటీ రాయాలన్న నియమమూ ఆయనదే. తను మాత్రం ఏనాడూ చీటీ రాసిన పాపాన పోలేదు.

"సొరుగుల బాధ్యత ఎవరిదమ్మా? మీదే కదా! ఇంక విచారణ దేనికి? సాయంత్రం తాళంచెవి బల్లమీద పెట్టేసి వెళ్లండి" అన్నాడాయన.

సొరుగులమ్మ తాళంచెవి చేతిలోకి తీసుకుంది. నోరు మాత్రం ఊరుకోలేదు. అది చిన్నప్పటినుంచీ ఆవిడ మాట వినదు.

"ఆ కార్డులో ఉన్నది నాకు కంఠతా వచ్చు సార్. పూర్వం ఇంగ్లీషు కోర్టుల్లో ముద్దాయి 'నేను చేయలేదు' అంటే, సర్కారు తరఫు గుమాస్తా లేచి అప్పటి కోర్టు ఫ్రెంచిలో 'నువ్వు దోషివే, రుజువు చేయడానికి మేం సిద్ధం' అనేవాడట. రాసుకునేవాళ్లు బద్ధకించి ఆ మాటల్ని 'కల్', 'ప్రిట్' అని రెండు పొట్టి ముక్కలు చేశారట. తర్వాతివాళ్లు రెంటినీ అతికించి ముద్దాయి నెత్తిన పెట్టారట. నేను చేయలేదంటున్నాను. మరి మీరు సిద్ధమేనా?"

"రుజువూ లేదు, సిద్ధమూ లేదు! అంతా మీ కల్పన. పుస్తకంలో చూపిస్తానుండండి!"

ఆయన విసురుగా లేచి పై అరలోని న్యాయశాస్త్ర కోశాన్ని దించాడు. ఆ బండను ఆయన తప్ప ఎవరూ ముట్టుకోరు. చదువుతూ చదువుతూ చేతికందింది పేజీలో పెట్టి మూసేయడం ఆయనకలవాటు. బస్సు టికెట్లు, దువ్వెన, ఓసారి కళ్లజోడు కూడా అలాగే దొరికాయి.

పుస్తకం దానంతటదే సరైన పేజీ దగ్గర తెరుచుకుంది. రుజువు చేయడానికి సిద్ధమన్న వాక్యం అక్కడే ఉంది. దానిమీదే కార్డు పడుకుని ఉంది.

"గాలికి ఎగిరొచ్చుంటుంది" అని గొణిగాడాయన.

"కార్డు మూలన ఎర్ర పెన్సిలుతో పోయిన సోమవారం తారీఖు, మీ సంతకం కూడా గాలే పెట్టిందా సార్?"

ఆయన గోడమీద నోటీసు వైపు చూశాడు. ఆవిడా చూసింది. ప్రాణం కుదుటపడ్డాక నెమ్మదిగా ఓ ఖాళీ చీటీ తీసి ఆయన ముందు పెట్టింది.

"ఆ సోమవారం తారీఖే వేసి రాయండి సార్. ఇంతకీ సాయంత్రం బల్లమీద పెట్టాల్సిన తాళంచెవి నాదా, మీ గదిదా?"